జెట్ మలుపులో పాదాల పని

విమానాన్ని మలుపు తిప్పేటప్పుడు ముక్కును పక్కలకు తిప్పే రడ్డర్‌ను, అంటే నిలువు తోక చివరి పలకను, పాదాలతో ఎంత తొక్కాలన్న ప్రశ్నకు చిన్న శిక్షణ విమానం సెస్నా 172 చెప్పే జవాబు ఒకటి, ప్రయాణికుల జెట్ బోయింగ్ 737 చెప్పే జవాబు ఇంకొకటి. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని సిమ్యులేటర్‌లో విమానాలు నడిపేవాళ్ళలో చాలామంది మొదటి జవాబును కంఠతా పట్టి, దాన్నే రెండో విమానం మీద రుద్దుతారు. సెలవులకు గుంటూరు నుంచి పటమటలోని మా ఇంటికి వచ్చే మా మేనల్లుడిదీ అదే వరస. గన్నవరం రన్‌వే మీద నుంచి పడమటి దిక్కుగా 737ను లేపి, బెజవాడ దగ్గరికి రాగానే కృష్ణ మీదుగా ఎడమకు తిప్పుతూ, ఆ మలుపు పొడుగునా ఎడమ పెడల్‌ను తొక్కిపట్టి ఉంచుతాడు. తెర మీద ఒరుగును చూపే త్రిభుజం కింద ఒక చిన్న దీర్ఘచతురస్రం ఉంటుంది. అది కుడి పక్కకు జరిగి, మలుపు పూర్తయ్యేదాకా అక్కడే ఉండిపోతుంది. విమానం తన దారిలో తాను పోకుండా తోకను మలుపు బయటి వైపుకు ఈడ్చుకుంటూ పోతోందని దాని అర్థం. "మావయ్యా, మలుపంటే స్టిక్‌తో పాటు రడ్డర్ కూడా వెయ్యాలన్నావు కదా" అని వాడి వాదన. ఆ మాట సెస్నాకు సంబంధించినది. జెట్ దగ్గరికి వచ్చేసరికి ఆ మాటలో ఎంత నిలుస్తుందో, ఎంత నిలవదో కాస్త వివరంగా చెప్పుకోవలసి ఉంది.

ఎడమకు మళ్ళాలంటే విమానం ముందు ఎడమకు ఒరగాలి. ఒరిగించే పిడి అయిన స్టిక్‌ను ఎడమకు నెడితే ఎడమ రెక్క వెనక అంచున ఉండే ఐలెరాన్ అనే పలక పైకి లేస్తుంది, కుడి రెక్కది కిందికి వంగుతుంది. కుడి రెక్కను పైకి ఎత్తే బలం, అంటే లిఫ్ట్, పెరుగుతుంది, ఆ పెరిగిన లిఫ్ట్‌తో పాటే దాని వల్ల పుట్టే గాలి నిరోధం, అంటే ఇండ్యూస్డ్ డ్రాగ్, కూడా పెరిగి ఆ రెక్కను వెనక్కి లాగుతుంది. పుస్తకాలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి. నిజానికి ఇందులో ఇంకో పెద్ద భాగం ఉంది. విమానం ఒరుగుతున్నంతసేపూ, పైకి లేస్తున్న కుడి రెక్కకు గాలి కాస్త పైనుంచీ, కిందికి దిగుతున్న ఎడమ రెక్కకు కాస్త కిందినుంచీ ఎదురవుతుంది. లిఫ్ట్ ఎప్పుడూ ఎదురయ్యే గాలికి లంబంగానే పనిచేస్తుంది కనుక, లేచే రెక్క మీది లిఫ్ట్ కొంచెం వెనక్కి వాలుతుంది, దిగే రెక్క మీది లిఫ్ట్ కొంచెం ముందుకు వాలుతుంది. ఈ రెండు కారణాలూ కలిసి కుడి రెక్కను వెనకేస్తాయి. కాడికి కట్టిన ఎడ్లలో కుడివైపుది వెనకబడితే బండి కుడికి మొగ్గినట్టే, ఎడమకు ఒరుగుతున్న విమానపు ముక్కు కుడికి తిరుగుతుంది. ముక్కు పక్కకు తిరగడాన్ని యా అంటారు, మలుపుకు ఎదురు దిక్కున వచ్చే ఈ యాను అడ్వర్స్ యా అంటారు. సెస్నాలో స్టిక్‌తో పాటు ఎడమ పెడల్‌ను కొంచెం తొక్కడం ఈ కుడి మొగ్గును ఆపడానికే.

ఈ వివరణలో చాలామంది పట్టించుకోని మాట "ఒరుగుతున్నంతసేపూ" అన్నది. విమానం ఇరవై అయిదు డిగ్రీలు ఒరిగి, ఆ ఒరుగులోనే నిలకడగా మళ్ళుతున్నప్పుడు ఐలెరాన్లు దాదాపు మధ్యలోకి వచ్చేస్తాయి, ఏ రెక్కా లేవడమూ దిగడమూ ఉండదు, కాబట్టి అడ్వర్స్ యా కూడా దాదాపు ఉండదు. తిరిగి మట్టానికి వచ్చేటప్పుడు అదే సంగతి ఎదురు దిక్కులో మళ్ళీ తలెత్తుతుంది. అంటే సెస్నాలో సైతం రడ్డర్ అవసరం ముఖ్యంగా మలుపు మొదట్లో, చివర్లో. నడుమ అంతా తొక్కిపట్టి ఉంచమని సెస్నా కూడా ఎప్పుడూ అడగలేదు.

రైట్ సోదరులకు ఈ చిక్కు 1901 నాటి గ్లైడర్‌తోనే ఎదురైంది. రెక్కలను మెలితిప్పి ఒరిగించే ఏర్పాటు వాళ్ళు అప్పటికే చేసుకున్నారు, కానీ ఒరిగించిన దిక్కుకు మళ్ళవలసిన గ్లైడర్ ఒక్కోసారి ఎదురు దిక్కుకు తిరగబోయేది. 1902 గ్లైడర్‌కు ముందు కదలని నిలువు తోకను పెట్టారు, అది చాలక దాన్ని కదిలే రడ్డర్‌గా మార్చి, రెక్కల మెలికతో తీగల ద్వారా ముడివేశారు. పైలట్ నడుమును పక్కకు జరిపితే రెక్కలూ రడ్డరూ ఒక్కసారే కదిలేవి. మనిషి పాదాన్ని నమ్ముకోకుండా యంత్రమే ఒరుగుకు తగినంత రడ్డర్‌ను అందించే పద్ధతి అన్నమాట. ఇవాళ్టి జెట్‌లో జరుగుతున్నది కూడా స్థూలంగా ఇదే కావడం నాకు భలే ముచ్చటగా అనిపిస్తుంది. తీగలున్న చోట కంప్యూటర్ వచ్చింది, అంతే.

ఇప్పుడు 737 సంగతి. ఇందులో ఒరిగించే పని ఐలెరాన్లది మాత్రమే కాదు. కాక్‌పిట్‌లో స్టిక్‌కు బదులు ఉండే చక్రాన్ని కొంత మేరకు మించి తిప్పితే, దిగవలసిన రెక్క పై ముఖాన ఉండే స్పాయిలర్లు అనే పలకలు కూడా పైకి లేస్తాయి. స్పాయిలర్ లేచిన చోట లిఫ్ట్ తగ్గుతుంది, డ్రాగ్ పెరుగుతుంది. ఎడమ మలుపులో ఈ డ్రాగ్ ఎడమ రెక్క మీద పడుతుంది కనుక ముక్కును మనకు కావలసిన ఎడమకే లాగుతుంది. ఐలెరాన్ పెట్టిన చిక్కును స్పాయిలర్ చాలావరకు తీర్చేస్తుందన్నమాట. చిన్న విమానాల్లో ఇదే ఉద్దేశంతో, పైకి లేచే ఐలెరాన్‌ను కిందికి వంగేదానికన్నా ఎక్కువ కోణంలో కదిలించే పద్ధతి వాడతారు. పాత శిక్షణ విమానం టైగర్ మాత్‌లో ఆ ఏర్పాటు ఉంది. ఫ్రీజ్ అనే రకం ఐలెరాన్ అయితే పైకి లేచినప్పుడు దాని ముందు అంచు రెక్క అడుగున బయటికి పొడుచుకు వచ్చి, కావాలనే డ్రాగ్‌ను పుట్టిస్తుంది.

పాదాలకు పని తగ్గించే రెండో ఏర్పాటు యా డ్యాంపర్. వెనక్కి వాలిన రెక్కలున్న జెట్‌లకు డచ్ రోల్ అనే జబ్బు ఉంటుంది. ముక్కు ఒక పక్కకు జరిగితే ముందుకు వచ్చిన రెక్క గాలిని ఎక్కువ సూటిగా ఎదుర్కొని పైకి లేస్తుంది, దాంతో విమానం ఒరుగుతుంది, ముక్కు మళ్ళీ రెండో పక్కకు పోతుంది, ఇలా ఊగుతూనే ఉంటుంది. 1959 అక్టోబరులో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక బోయింగ్ 707 శిక్షణ విమానంలో డచ్ రోల్‌ను చూపించబోగా ఆ ఊగుడు అదుపు తప్పి, ఇంజన్లు ఊడిపోయి, విమానం కూలి నలుగురు చనిపోయారు. ఈ ఊగుడును మొదట్లోనే అణచడానికి పెట్టిందే యా డ్యాంపర్. ముక్కు ఎంత వేగంగా పక్కకు తిరుగుతోందో ఒక గైరో కనిపెడుతుంది, దానికి ఎదురుగా రడ్డర్ కొద్ది డిగ్రీలు తనంతట తాను కదులుతుంది. మరి మలుపులో కూడా ముక్కు తిరుగుతూనే ఉంటుంది కదా, డ్యాంపర్ మలుపునే అడ్డుకోదా అన్న సందేహం రావడం సహజం. నిలకడగా కొనసాగే తిరుగుడును ఏరి పక్కన పెట్టి, అప్పటికప్పుడు మారే తిరుగుడుకు మాత్రమే స్పందించేలా ఒక ఫిల్టర్‌ను ఆ సర్క్యూట్‌లో అమర్చుతారు. అందుకే మలుపు మలుపులా సాగుతుంది, ఊగుడు మాత్రం ఆగుతుంది. 737లో మలుపుకు తగినంత రడ్డర్‌ను సర్దే పని కూడా ఈ యా డ్యాంపరే చూసుకుంటుంది.

ఎయిర్‌బస్ ఏ320లో ఈ ఏర్పాటు ఇంకో మెట్టు పైన ఉంటుంది. పక్కన ఉండే సైడ్‌స్టిక్‌తో మనం అడిగేది ఐలెరాన్ కోణం కాదు, ఎంత వేగంగా ఒరగాలన్నది. దానికి ఎంత ఐలెరాన్, ఎంత స్పాయిలర్, ఎంత రడ్డర్ కావాలో కంప్యూటర్లు లెక్క కడతాయి. ఇలా రడ్డర్ కదిలినప్పుడు పైలట్ కాళ్ళ కింది పెడళ్ళు కదలవు. సిమ్యులేటర్‌లో దీన్ని కళ్ళారా చూడవచ్చు. విమానాన్ని బయటినుంచి చూపే కెమెరాను తోక వెనక నిలిపి, స్టిక్‌ను చకచకా ఎడమకూ కుడికీ తిప్పితే, మంచి మోడల్‌లో నిలువు తోక చివర రడ్డర్ ఇటూ అటూ సన్నగా మెదులుతూ కనిపిస్తుంది. మన పాదాలు కింద నేల మీదే ఉంటాయి. మేనల్లుడికి నేను చెప్పిన అన్ని మాటల కన్నా ఈ ఒక్క దృశ్యమే బాగా పనిచేసింది. "అయితే నేను తొక్కేది దాని మీద అదనమా?" అన్నాడు. అదనమే. కంప్యూటర్ తగినంత వేసిన తర్వాత దాని మీద మనం ఇంకొంత వేస్తే దీర్ఘచతురస్రం బయటి పక్కకు జరగక ఏం చేస్తుంది?

లెక్క వేసి చూస్తే ఆ తొక్కుడు ఎంత అనవసరమో ఇంకా తేటగా తెలుస్తుంది. 250 నాట్‌ల, అంటే గంటకు సుమారు 463 కిలోమీటర్ల వేగంతో, 25 డిగ్రీల ఒరుగుతో మళ్ళే విమానం సెకనుకు సుమారు 2 డిగ్రీలు మాత్రమే తిరుగుతుంది, దాని మలుపు వ్యాసార్ధం దాదాపు 3.6 కిలోమీటర్లు ఉంటుంది. ప్రకాశం బ్యారేజీ పొడవు 1.2 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. అంటే మలుపు కేంద్రం నుంచి విమానం దాకా మూడు బ్యారేజీలను వరసగా పరచవచ్చు. పడమటి నుంచి దక్షిణానికి తొంభై డిగ్రీలు మళ్ళడానికి ముప్పావు నిమిషం పడుతుంది. సెకనుకు 5 డిగ్రీల చొప్పున ఒరిగిస్తే, అడ్వర్స్ యా పుట్టగలిగేది అందులో మొదటి అయిదు సెకన్లలో, మళ్ళీ మట్టానికి తెచ్చే చివరి అయిదు సెకన్లలో. మిగతా అరనిమిషం పైచిలుకు సేపు పెడల్‌ను తొక్కిపట్టడానికి ఏ కారణమూ లేదు. సెకనుకు 3 డిగ్రీలు తిరిగే ప్రామాణిక మలుపును చిన్న విమానాల్లో నేర్చుకుని వచ్చినవాళ్ళు జెట్‌లోనూ అదే రేటును రాబట్టాలని చూస్తారు. 250 నాట్‌ల దగ్గర దానికి 34, 35 డిగ్రీల ఒరుగు కావాలి. 737 ఆటోపైలట్‌లో ఒరుగును ఎంచుకునే మీట 30 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఒరుగుతో రాని తిరుగుడును రడ్డర్‌తో రాబట్టాలనుకోవడం జెట్‌లో పనికిరాని ప్రయత్నం.

ఇంత చెప్పినా, జెట్‌లో అడ్వర్స్ యా అసలు ఉండదన్న మాటను నేను ఒప్పుకోను. దాని బలం లిఫ్ట్ కోఎఫిషియంట్‌తో, అంటే ఉన్న వేగంలో రెక్క ఎంత లిఫ్ట్ పుట్టించాలో చెప్పే సంఖ్యతో, పాటు పెరుగుతుంది, లిఫ్ట్ కోఎఫిషియంట్ వేగం తగ్గినకొద్దీ పెరుగుతుంది. అదే బరువుతో వేగాన్ని సగానికి తగ్గిస్తే లిఫ్ట్ కోఎఫిషియంట్ నాలుగింతలవుతుంది. అందువల్ల 250 నాట్‌ల దగ్గర కంటికి ఆనని అడ్వర్స్ యా, రెక్కల వెనక అంచున ఉండే ఫ్లాపులు దించి 140 నాట్‌లకు వచ్చి, రన్‌వేకు సర్దుకోవడానికి చక్రాన్ని అటూఇటూ చురుగ్గా తిప్పే వేళ బయటపడుతుంది. కుతూహలం ఉన్నవాళ్ళు ఒక పరీక్ష చేసుకోవచ్చు. 737లో తల పైనున్న ప్యానెల్ మీద, ఎడమ వైపు యా డ్యాంపర్ మీట ఉంటుంది. ఫ్లాపులు దించి, తక్కువ వేగంతో, గాలి కుదుపులు లేని వాతావరణంలో మట్టంగా ఎగురుతూ, ఆ మీట ఆన్‌లో ఉండగా ఒకసారి, ఆఫ్‌లో ఉండగా ఒకసారి ఎడమకు 25 డిగ్రీలు గబుక్కున ఒరిగించి, పెడళ్ళను ముట్టకుండా ఆ దీర్ఘచతురస్రాన్నే చూడాలి. ఆఫ్‌లో ఉన్నప్పుడు అది మలుపు లోపలి పక్కకు, అంటే ఎడమకు, జరగాలి. ముక్కు కుడికి మొగ్గిందనడానికి అదే గుర్తు. ఎటు జరిగితే అటు పెడల్ తొక్కాలన్న పాత సూత్రం జెట్‌లోనూ చెల్లుతుంది. తేడా అల్లా, జెట్‌లో అలా తొక్కే అవసరమే అరుదుగా వస్తుంది. ఆ చిన్న గుర్తు ఏ దిక్కుకూ కదలకుండా ఉంటే పాదాలకు పని లేదన్నమాటే. కూర్చున్న కుర్చీ ఒక పక్కకు నెట్టడం లాంటి సూచనలేవీ ఇంట్లో అందవు కనుక, సిమ్యులేటర్‌లో పైలట్‌కు ఆ గుర్తొక్కటే ఆధారం.

పరీక్ష ఫలితం విమానాన్ని బట్టే కాక సిమ్యులేటర్‌ను బట్టి కూడా మారుతుంది. ఎక్స్-ప్లేన్ అనే సిమ్యులేటర్ రెక్కను ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్క మీద గాలి బలాన్ని లెక్క కడుతుంది, కాబట్టి అడ్వర్స్ యా అందులో రెక్క ఆకారం నుంచి దానంతట అదే పుడుతుంది. ఫ్లైట్‌గేర్ అనే ఇంకో సిమ్యులేటర్‌లో వాడే జేఎస్‌బీసిమ్ రకం విమాన మోడళ్ళలో, ఐలెరాన్ కదిలితే ముక్కు ఎంత మొగ్గాలన్నది మోడల్ రాసినవాళ్ళు ఒక సంఖ్యగా ఇస్తారు. ఆ సంఖ్యను సున్నా అని రాసి వదిలేస్తే ఎంత గట్టిగా ఒరిగించినా ఐలెరాన్ వల్ల ముక్కు మొగ్గదు. దాన్ని చూసి జెట్‌లకు అడ్వర్స్ యా లేదని తేల్చడం తొందరపాటు. ఫ్లైట్‌గేర్‌లో రడ్డర్‌ను ఐలెరాన్‌తో దానంతట అదే కలిపే ఏర్పాటు ఒకటి ఉంది, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లోనూ పైలట్‌కు సాయంగా అలాంటిదే ఉంది. పెడళ్ళు లేనివాళ్ళకు అవి పనికొస్తాయి, పరీక్ష చేసేటప్పుడు మాత్రం వాటిని తీసేయాలి.

పెడళ్ళ మాట వచ్చింది కనుక జాయ్‌స్టిక్ సంగతి కూడా చెప్పాలి. మనలో ఎక్కువమందికి ఉండేది పిడిని మెలితిప్పితే రడ్డర్ కదిలే రకం. మణికట్టు నిర్మాణం ఎలాంటిదంటే, పిడిని ఎడమకు నెట్టేటప్పుడు మనకు తెలియకుండానే కొంత మెలిక కూడా పడుతుంది. మేనల్లుడి పిడిని పరీక్షించి చూస్తే, ఎడమకు పూర్తిగా నెట్టిన ప్రతిసారీ సెట్టింగుల తెర మీద రడ్డర్‌ను చూపే గీత కూడా దాంతో పాటే కదులుతోంది. పెడల్ తొక్కడం మానేసి ఒక్క పిడితోనే నడిపినా మొదటి రెండు మూడు మలుపుల్లో దీర్ఘచతురస్రం పక్కకు పోతూనే ఉండటానికి కారణం ఇదే. మెలిక అక్షానికి మధ్యలో పదిహేను శాతం దాకా, కదిపినా స్పందన రాని డెడ్ జోన్ పెట్టి, మొదట్లో నెమ్మదిగా పెరిగే స్పందన వంపును ఎంచుకున్నాక ఆ బెడద పోయింది. విమానాన్ని తప్పుపట్టే ముందు ఈ గీతను ఒకసారి చూసుకోవడం మేలు.

మలుపుల్లో పని లేదు కదా అని జెట్‌లో పాదాలు పూర్తిగా ఖాళీగా ఉండవు. నైరుతి రుతుపవనాల రోజుల్లో గన్నవరంలో పడమటి దిక్కుగా దిగేటప్పుడు గాలి ఎడమ ముందు పక్కనుంచి వీస్తుంది. 220 డిగ్రీల దిక్కు నుంచి 20 నాట్‌ల గాలి అనుకుంటే, 26వ నంబరు రన్‌వేకు అడ్డంగా పడే భాగం సుమారు 13 నాట్‌లు. విమానం ముక్కును ఎడమకు పెట్టుకుని పీతలా దిగి వస్తుంది. చక్రాలు నేలను తాకబోయే ముందు కుడి పెడల్‌తో ముక్కును రన్‌వే వరసకు తేవాలి. అలా తెస్తున్నప్పుడు ఎడమ రెక్క ముందుకు వచ్చి పైకి లేవబోతుంది. దాన్ని అణచడానికి చక్రాన్ని ఎడమకు తిప్పి పట్టాలి. ఐలెరాన్ ఒక దిక్కు, రడ్డర్ ఎదురు దిక్కు. మలుపులో తప్పయిన కలయిక ఇక్కడ సరైనది. ఒక ఇంజన్ ఆగిపోతే సరేసరి, పని అంతా పాదాలదే. టేకాఫ్‌లో అలా జరిగితే ఏ320 తెర మీద ఆ గుర్తు నీలిరంగులోకి మారి, దాన్ని మధ్యకు తెచ్చేంత రడ్డర్ తొక్కమని అడుగుతుంది.

అవసరం లేని చోట జెట్ రడ్డర్‌ను గట్టిగా వాడితే ఏమవుతుందో చెప్పే ఘోరమైన ఉదాహరణ 2001 నవంబరు 12న న్యూయార్క్‌లో జరిగింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587వ విమానం, ఎయిర్‌బస్ ఏ300-600, టేకాఫ్ అయిన కాసేపటికే ముందు వెళ్ళిన 747 వదిలిన గాలి సుడుల్లో చిక్కుకుంది. కో-పైలట్ రడ్డర్‌ను వెంటవెంటనే అటు ఒకసారి, ఇటు ఒకసారి పూర్తిగా తొక్కడంతో నిలువు తోక మీద పడిన బలం దాని సామర్థ్యాన్ని మించిపోయి, తోక ఊడిపోయింది. విమానంలోని 260 మందీ, నేల మీద అయిదుగురూ చనిపోయారు. అంత గట్టి, అనవసరమైన రడ్డర్ వాడకమే కారణమని 2004లో దర్యాప్తు సంస్థ తేల్చింది. ఆ విమానపు రడ్డర్ వ్యవస్థ తీరునూ, ఎయిర్‌లైన్ ఇచ్చిన శిక్షణలోని కొన్ని అంశాలనూ తోడు కారణాలుగా పేర్కొంది. సిమ్యులేటర్‌లో తోక ఊడకపోవచ్చు గానీ, అలవాటు మాత్రం అలాగే పడుతుంది.

పాత యుద్ధ విమానాల్లో ఇంకో లోకం కనిపిస్తుంది. ఎఫ్-100 సూపర్ సేబర్, ఎఫ్-4 ఫాంటమ్ లాంటివాటిని ముక్కు బాగా ఎత్తి, గాలికి పెద్ద కోణంలో తిప్పుతున్నప్పుడు స్టిక్‌ను పక్కకు నెడితే, ఐలెరాన్ సరిగ్గా పట్టకపోగా అడ్వర్స్ యా విరుచుకుపడి, విమానం అడిగిన దిక్కుకు కాక ఎదురు దిక్కుకు పల్టీ కొట్టి, గిరగిరా తిరుగుతూ పడిపోయే స్పిన్‌లోకి జారగలదు. అలాంటి చోట పైలట్లు స్టిక్‌ను పక్కలకు కదపకుండా మధ్యలో ఉంచి, రడ్డర్‌తోనే ఒరిగించేవారు. వెనక్కి వాలిన రెక్కల వల్ల, రడ్డర్‌తో ముక్కు తిరిగిన దిక్కుకే విమానం ఒరుగుతుంది. ఎఫ్-16, తేజస్‌ల వంటి కంప్యూటర్ నడిపే విమానాల్లో ఈ సర్దుబాటు కూడా లోపలే జరిగిపోతుంది. మేనల్లుడు ఇప్పుడు 737ను పక్కన పెట్టి డీసీఎస్ అనే యుద్ధ విమానాల సిమ్యులేటర్‌లో ఫాంటమ్ పట్టుకున్నాడు. అక్కడ పెడళ్ళను వదిలేస్తే ఎలా ఉంటుందో మొదటి పెద్ద కోణపు మలుపులోనే వాడికి తెలిసింది, ఈసారి నన్ను అడగకుండా తానే డెడ్ జోన్‌ను అయిదు శాతానికి తగ్గించుకున్నాడు.